వింటే చదువు చెడుతుందా?

కారు ప్రయాణాల్లో పిల్లలకు ఆడియో కథలు పెట్టాలన్న మాట ఎత్తితే మన బడుల్లో, ఇళ్లలో దాదాపు ఒకటే తీర్పు వస్తుంది. వినడం చదవడం కాదు. అక్షరం వెంట కన్ను నడిస్తేనే చదువు, చెవిన పడేది కాలక్షేపం. వినే కథలకు అలవాటు పడ్డ పిల్ల ఇక పుస్తకం ముట్టదు, మెదడుకు బద్ధకం పడుతుంది, ఏదీ శ్రద్ధగా పట్టించుకోలేని పిల్లగా తయారవుతుంది. ఈ మాటలు అనేవాళ్లు పిల్లల చెడు కోరేవాళ్లు కారు. పుస్తకమంటే ప్రాణం పెట్టే టీచర్లు, పిల్లల చేతిలో ఫోన్ చూసి దిగులుపడే తల్లిదండ్రులు, ఊరి గ్రంథాలయం మూతపడితే బాధపడే పెద్దమనుషులు. అందుకే దీన్ని చేతి విసురుతో కొట్టిపారేయడం మర్యాద కాదు, దాని మొదలు దగ్గరికి పోయి చూడాలి. చూసినకొద్దీ తేలేదేమంటే, ఈ తీర్పుకు పరిశోధనల బలం లేదు, తెలుగు భాష నడకతో పొత్తు లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లోనైతే నిలబడడానికి జాగా కూడా లేదు. కన్ను కన్నా ఎంతో ముందు నుంచీ చెవితో సాహిత్యాన్ని మోసిన నేల ఇది.

ముందు ప్రయాణం సంగతి. హైదరాబాద్ నుంచి గద్వాలకు పోవాలంటే 44వ నంబరు జాతీయ రహదారి పట్టి షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన ఎక్కి, ఎర్రవల్లి చౌరస్తాలో మళ్లాలి. సుమారు 190 కిలోమీటర్లు. టోల్ గేట్ల దగ్గర వరుసలు, చాయ్ కోసం ఆగడాలు కలిపితే మూడు గంటలు సులువుగా దాటుతాయి, దసరాకో సంక్రాంతికో అయితే అయిదైనా ఆశ్చర్యం లేదు. వనపర్తి వాళ్లు ఇదే దారిలో కొంత ముందు మళ్లుతారు. కల్వకుర్తి మీదుగా అచ్చంపేట, మన్ననూరు దాకా పోయేవాళ్లకు ఆ పైన నల్లమల మలుపులు మొదలవుతాయి, సెల్ సిగ్నల్ పోతుంది. ఉద్యోగాల కోసం పట్నం చేరిన ఈ పాలమూరు ప్రాంతపు కుటుంబాలు పండక్కి, పెండ్లికి, చావుకు, పొలం పనికి ఏడాదిలో ఎన్నిసార్లు ఈ దారుల్లో తిరుగుతాయో లెక్క పెట్టుకోవచ్చు. తల్లి, తండ్రి, పిల్లలు ఒకే చోట, ఒకరి భుజం ఒకరికి తగిలేంత దగ్గరగా, వేరే పనేమీ లేకుండా మూడు గంటలు కూర్చునే సందర్భం నగర జీవితంలో ఇంకొకటి ఏముంది? ఆ మూడు గంటలు ఇప్పుడు ఎట్లా పోతున్నాయి? ముందు సీట్లో సినిమా పాటలు, వెనక సీట్లో చిన్న తెర, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. నలుగురు మనుషులు, నాలుగు లోకాలు.

ఇక్కడే ఆ తీర్పులోని మొదటి లోపం బయటపడుతుంది. ఆడియో కథను పుస్తకంతో పోల్చి చిన్నబుచ్చుతున్నారు. కదిలే కారులో పుస్తకం పోటీలోనే లేదు. బండిలో చదువుతున్నప్పుడు కన్ను నిశ్చలంగా ఉన్న పేజీని చూసి కదలడం లేదంటుంది, లోచెవి మాత్రం ప్రతి మలుపునూ, ప్రతి బ్రేకునూ పసిగట్టి కదులుతున్నామంటుంది. ఆ రెండింటి తగాదాలో కడుపు తిప్పుతుంది, తల తిరుగుతుంది. రెండేళ్లు దాటినప్పటి నుంచి పన్నెండేళ్ల దాకా పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. మన్ననూరు దాటాక ఘాటు రోడ్డులో పిల్లకు పుస్తకం ఇచ్చి చదువుకోమంటే జరిగేది చదువు కాదు, వాంతి. ఫోన్ తెర చూసినా అదే గతి. తల ఎత్తి, కిటికీ అవతల కొండనో చెరువునో చూస్తూ చేయగలిగిన పని వినడమొక్కటే. కాబట్టి కారులో పెట్టిన కథ పుస్తకం కాలాన్ని దోచుకోదు, తెర కాలాన్ని లాక్కుంటుంది. పుస్తకాల మీద ప్రేమతో దాన్ని అడ్డుకునేవాళ్లు తమకు తెలియకుండానే తెర పక్షాన నిలబడుతున్నారు.

ఇక వినడం తక్కువ రకం చదువన్న అసలు వాదానికి వద్దాం. నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి మండలంలో నంది వడ్డెమాను అనే ఊరుంది. ఒకప్పటి వర్ధమానపురం, కాకతీయుల సామంతులైన గోన వంశీయుల రాజధాని. రంగనాథ రామాయణం రాసినట్టు సాహిత్య చరిత్ర చెప్పే గోన బుద్ధారెడ్డి ఆ వంశం వాడు. 13వ శతాబ్దపుదని పండితులు లెక్కగట్టే ఆ కావ్యం మొత్తం ద్విపదలో నడుస్తుంది. యుద్ధకాండ దాకా ఆయన రాస్తే ఉత్తరకాండను కొడుకులు పూర్తి చేశారు. ద్విపద ఎందుకు ఎంచుకున్నాడన్నది ఈ చర్చలో చిన్న విషయం కాదు. చేతిలో తాళపత్రం లేనివాడికి, ఉన్నా చదవరానివాడికి, రోకలి పోటు వేస్తూనో కలుపు తీస్తూనో వినేవాళ్లకు నోట నిలిచే ఛందస్సు అది. రెండేసి పాదాల నడక, ప్రాస, యతి అన్నీ చెవిలో పడి జ్ఞాపకంలో కూర్చోవడానికి అమరినవే. తరవాతి వందల ఏళ్లు తోలుబొమ్మలాట వాళ్లు తెర వెనక నిలబడి పాడినవాటిలో రంగనాథ రామాయణం ద్విపదలు ముఖ్యమైనవి. మన తెలుగులో తొలి సంపూర్ణ రామాయణాల్లో ఒకటి వినడానికే తయారై, వినడం ద్వారానే బతికింది. అక్షరం రానివాళ్లకూ చేరింది. వాళ్లు విన్నది కాలక్షేపమనీ, సాహిత్యం కాదనీ అనగల ధైర్యం ఎవరికుంది?

పైతరగతి సాహిత్యమైనా ఇక్కడ చెవిని వదల్లేదు. విద్వాంసులకిచ్చిన ఆదరణ వల్ల ‘విద్వద్గద్వాల’ అనే పేరే పడిన సంస్థానం గద్వాలది. వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు దానికి తోడు. తిరుపతి వేంకట కవులు ఈ సంస్థానాలకు వచ్చి అవధానాలు చేశారు. అవధానం అంటే ఏమిటి? ఎనిమిది మందో, వంద మందో పృచ్ఛకులు అడిగే సమస్యలను, దత్తపదులను, నిషిద్ధాక్షరులను కాగితం కలం లేకుండా చెవితో పట్టి, నోటితో పద్యం చెప్పి, చివరికి అన్నింటినీ వరసగా ధారణ చేయడం. మధ్యలో ఎన్నిసార్లు గంట మోగిందో కూడా లెక్క చెప్పాలి. తెలుగువాడు ఏకాగ్రతకు పెట్టుకున్న అతి కఠినమైన పరీక్ష అది, పూర్తిగా వినికిడి పరీక్ష. వింటే ఏకాగ్రత పోతుందన్న మాట ఆ సభల వారసులు నోట పలకవలసింది కాదు.

ఆ కోటల గోడ అవతల కూడా ఇదే కథ. శారదకాండ్లు, బుడగ జంగాలు, హరిదాసులు, అడవిలో చెంచులు, దక్కలి వాళ్ల కిన్నెర. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. పన్నెండు మెట్ల కిన్నెర మీద ఆయన పాడేది పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ. ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టిన పాలమూరు బందిపోటు వీరుల చరిత్ర. ఆ కళ గురించి ఎనిమిదో తరగతి పాఠ్యపుస్తకంలో పాఠం పెట్టారు. మంచిదే. కానీ ఆ పాఠం చదివిన పిల్ల కిన్నెర మీద మెట్టు మెట్టుకీ మారే ఆ నాదాన్ని వినకుండానే పరీక్ష రాసి పాసవుతుంది. కిన్నెర గురించి రాసింది చదివితే చదువు, కిన్నెర వింటే కాలక్షేపం! ఈ తలకిందుల లెక్కను సరిదిద్దుకోకపోతే మన దగ్గరున్నదేమిటో మన పిల్లలకే తెలియకుండా పోతుంది. నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్నకు ‘వల్లంకి తాళం’ పుస్తకం మీద 2021 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పుస్తకానికి అవార్డు రాకముందే ఆయన పాట ఊరూరా వినబడింది. చదివి అభిమానించినవాళ్ల కన్నా విని కంటతడి పెట్టినవాళ్లు ఎన్నో రెట్లు. అకాడమీ గుర్తించిన విషయాన్ని మన ఇళ్లు ఇంకా గుర్తించలేదు.

అదంతా పాతకాలం, ఇప్పటి చదువుల లెక్క వేరు అంటారు. ఇప్పటి లెక్కే చూద్దాం. చదివి అర్థం చేసుకోవడం ఎట్లా వస్తుందన్న దాని మీద పరిశోధకులు ఎక్కువగా ఆధారపడే సూత్రం ఒకటుంది. 1986లో ఫిలిప్ గాఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు ప్రతిపాదించారు. అక్షరాలను గుర్తుపట్టి మాటగా పలకగల నేర్పు ఒకటి, విన్న భాషను అర్థం చేసుకోగల నేర్పు ఒకటి. చదివిన దాని అర్థం ఈ రెండింటి కూడిక కాదు, గుణకారం. ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నా. మన బడులు, ట్యూషన్లు, తల్లిదండ్రుల కోపాలు అన్నీ మొదటి అంకె మీదనే. గుణింతాలు, ఒత్తులు, చూచిరాత. రెండో అంకెను పెంచేది వినికిడి. బడి వయసు పిల్లలు చదివి అర్థం చేసుకోగలిగిన దానికన్నా విని అర్థం చేసుకోగలిగింది చాలా ఎక్కువనీ, పన్నెండు, పదమూడేళ్ల వయసు వచ్చేదాకా ఆ తేడా ఉంటుందనీ థామస్ స్టిక్ట్ వంటి పరిశోధకులు దశాబ్దాల కిందనే చూపించారు. ఎనిమిదేళ్ల పిల్ల తన కళ్లతో మూడో తరగతి వాచకమే చదవగలదు. కానీ చెవితో ఆరో తరగతి స్థాయి కథను కూడా ఆనందంగా మింగేస్తుంది. ఆ కథలోని మాటలు, మలుపులు, మనుషుల లోపలి ఊహలు ఆమెలో ముందుగానే చేరి కూర్చుంటాయి. రెండేళ్ల తరవాత అవే మాటలు అచ్చులో కనబడినప్పుడు పరాయివాళ్లలా అనిపించవు. వినికిడి చదువును చంపుతుందన్న భయం ఈ లెక్క ముందు తలకిందులవుతుంది.

పిల్లల చదువు స్థాయిని కొలిచే ఆసర్ సర్వేలో 2022లో గ్రామీణ భారతంలో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు నూటికి 43 మంది మాత్రమే. వాళ్లలో ఎవరూ ఆడియో కథలు ఎక్కువ విని చెడిపోయినవాళ్లు కారు. పుస్తకమూ లేక, కథా లేక వెనకబడినవాళ్లు.

తెలుగు వాక్యం నడకను ఎరిగినవాళ్లకు ఈ విషయం ఇంకా బాగా తెలియాలి. మన వాక్యంలో అసలు క్రియ చివరికి వస్తుంది. ‘పొద్దున్నే లేచి, ఎడ్లకు మేత వేసి, సద్ది కట్టుకొని, చెరువు కట్ట మీదుగా నడిచి, కల్లం దగ్గరికి చేరేసరికి ఎండ నెత్తికెక్కిన రైతు, అక్కడ కూర్చున్న ముసలాయనను చూసి ఆగిపోయాడు’ అన్న వాక్యం తీసుకోండి. ఎవరు ఏం చేశారన్నది ‘ఆగిపోయాడు’ దగ్గరికి వస్తేగాని తేలదు. అప్పటిదాకా పిల్ల ఆ పనులన్నింటినీ మనసులో పట్టుకొని ఉండాలి. ఈ పట్టు అక్షరాలు దిద్దితే రాదు, చెప్పగా చెప్పగా, వినగా వినగా వస్తుంది. ఎక్కడ గొంతు తగ్గుతుందో, ఎక్కడ ఊపిరి తీసుకుంటారో, ఎక్కడ కథ ఇంకా సాగుతుందో చెప్పేది గొంతు. మన పిల్లలు ఇప్పుడు రోజంతా వినే తెలుగు ఎట్లాంటిది? ‘లే, తిను, హోంవర్క్ అయిందా, ఫోన్ పక్కన పెట్టు’ అనే రెండేసి మాటల ఆజ్ఞలు. 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో కూడా ఇంగ్లీషు మీడియం మొదలైంది. 2018 చట్టంతో తెలుగు అన్ని బడుల్లో తప్పనిసరి అయిందే గాని, అది ఒక పీరియడ్‌గా మిగిలింది. పొడుగు తెలుగు వాక్యం వినే చోటు ఇంట్లో లేదు, బడిలో లేదు. అచ్చులో హఠాత్తుగా ఎదురైతే పిల్ల బెదిరిపోతుంది. చదవలేకపోతున్నదని మనం కన్నును తిట్టుకుంటాం, ఆకలి చెవిది.

చదవడంలో, వినడంలో మెదడు చేసే పని వేరువేరు అనేవాళ్లకు ఒక పరిశోధన చెప్పాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్లీలో కొందరికి ఒకే కథలను ఒకసారి వినిపించి, ఒకసారి చదివించి, మెదడు స్కానింగు చేశారు. 2019లో వచ్చిన ఆ ఫలితాల్లో, మాటల అర్థాన్ని పట్టే మెదడు భాగాలు రెండు సందర్భాల్లోనూ దాదాపు ఒకేలా స్పందించాయి. ధ్వని ఒక ద్వారం గుండా, అక్షరం ఇంకో ద్వారం గుండా వచ్చినా, లోపల చేరే గది ఒకటే. 2016లో బెత్ రొగోవ్‌స్కీ బృందం పెద్దల మీద చేసిన పరీక్షలోనూ పుస్తకాన్ని విన్నవాళ్లకు, చదివినవాళ్లకు, రెండూ కలిపి చేసినవాళ్లకు అర్థం చేసుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇవి పెద్దల మీద జరిగినవనీ, ఇంగ్లీషులో జరిగినవనీ ఒప్పుకోవలసిందే. కానీ వినడం అర్థాన్ని పలచన చేస్తుందని చెప్పేవాళ్లు కనీసం ఇంతపాటి ఆధారమైనా చూపించాలి కదా.

వాళ్ల చేతిలో ఉన్న బలమైన ఆధారం ఒకటుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 2010లో డేవిడ్ డేనియల్, విలియం వుడీ కాలేజీ విద్యార్థులకు ఒక పాఠాన్ని కొందరికి పాడ్‌కాస్ట్‌గా, కొందరికి కాగితం మీద ఇచ్చి పరీక్ష పెడితే, విన్నవాళ్ల మార్కులు తగ్గాయి. మూత్రపిండాలు ఎట్లా పనిచేస్తాయో, పన్ను లెక్క ఎట్లా వేస్తారో నేర్చుకోవాలంటే కాగితమే మేలు. వెనక్కి తిరిగి చూడవచ్చు, గీత గీసుకోవచ్చు. నేను దీన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. పాఠ్యపుస్తకాన్ని చదివి కారులో వినిపించమని ఎవరూ అడగడం లేదు. కథ వేరు జాతి. దానికి వెనక్కి తిరిగి చూడవలసిన అవసరం తక్కువ, తరవాతేమైంది అన్న ఆత్రమే దాని దారం. కథ వినిపించడం వల్ల పరీక్షల్లో మార్కులు పెరుగుతాయని ఎవరైనా అమ్ముకుంటుంటే వాళ్లనూ నమ్మవద్దు. మార్కుల కోసం కథ చెబితే అది మళ్లీ పాఠమే అవుతుంది.

పిల్లలు సగమే వింటారు, కిటికీలోంచి చూస్తూ ఎక్కడో ఉంటారు అన్న ఫిర్యాదుకు కూడా జవాబు కారులోనే ఉంది. ఒంటరిగా ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న పిల్ల నిజంగానే సగం వింటుంది. కారులో స్పీకరు మీద వినడం వేరు. ‘గుమ్మి అంటే ఏంది?’ అని వెనక సీటు నుంచి ప్రశ్న వస్తుంది. ధాన్యం పోసుకునే పెద్ద గంప, నాయనమ్మ ఇంట్లో ఉండేదని తల్లి చెప్తుంది. మోట అంటే ఎద్దులు తోలు బానతో బావిలోంచి నీళ్లు తోడేదని తండ్రి చెప్తాడు. కథను ఆపి మాట్లాడుకోవచ్చు, కథలోని పిల్లవాడు చేసింది తప్పా ఒప్పా అని వాదించుకోవచ్చు. పక్కపక్కన కూర్చున్న నలుగురి నడుమ ఒకే కథ ఉంటే అదే పిల్లను కథలో నిలబెట్టే కట్టు. పుస్తకం చదివేటప్పుడు ఎవరి పేజీ వాళ్లదే. గుంపుగా వినడమన్న ఈ గుణం మన వీధి కథకు ఉండేది, ఊరి రచ్చబండకు ఉండేది, తరవాత కొన్నాళ్లు రేడియోకు ఉండేది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి నడిపిన పిల్లల కార్యక్రమాలు విని పెరిగిన తరం పుస్తకాలు వదిలేయలేదు. ఆ దంపతులే 1945లో ‘బాల’ అనే పత్రిక పెట్టారు. గొంతు, అచ్చు ఒకదానికొకటి తోడని వాళ్లకు తెలుసు. 1947 జులైలో మొదలైన చందమామను కూడా ఎన్నో ఇళ్లలో ఒకరు చదివితే నలుగురు విన్నారు.

బండి నడిపేవాడి ధ్యాస చెదురుతుందన్న భయం మాత్రం ప్రాణాలతో ముడిపడింది, దానికి వేరుగా జవాబు చెప్పాలి. 44వ రహదారి మీద ప్రమాదాలు కొత్త కాదు. డేవిడ్ స్ట్రేయర్, విలియం జాన్‌స్టన్ 2001లో ఊటా విశ్వవిద్యాలయం నుంచి ప్రచురించిన ప్రయోగంలో ఫోన్‌లో మాట్లాడేవాళ్లు సిగ్నళ్లను పట్టించుకోవడంలో బాగా వెనకబడ్డారు, రేడియో విన్నవాళ్లు, చదివిన పుస్తకం టేపు విన్నవాళ్లు వెనకబడలేదు. సంభాషణ జవాబు అడుగుతుంది. కథ అడగదు, రోడ్డు మీద కష్టం వస్తే మనసు దాన్ని వదిలేసి రోడ్డు మీదకు వస్తుంది, కథ రెండు వాక్యాలు ముందుకు పోతే పోతుంది. ఫోన్ ముట్టుకోవడం, కథ మార్చడం మాత్రం నడిపేవాడి పని కాకూడదు. బయలుదేరే ముందే డౌన్‌లోడు చేసి పెట్టుకోవాలి. నల్లమలలో సిగ్నల్ వెతుక్కునే పని అసలే పెట్టుకోవద్దు.

ఇది కార్లున్నవాళ్ల ముచ్చట, పాలమూరు వలస కూలీ పిల్లలకు దీంతో ఏం పని అన్నది నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన ప్రశ్న. 2011 జనగణన ప్రకారం ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా ప్రాంతంలో అక్షరాస్యత సుమారు 50 శాతం, రాష్ట్రంలోనే అట్టడుగు. ‘పిల్లలకు రోజూ చదివి వినిపించండి’ అని తల్లిదండ్రులకు చెప్పే సలహా చదవగలిగిన తల్లినే ఊహించుకుంటుంది. చదవరాని తల్లి ఇంట్లో ఆ సలహాకు అర్థం లేదు. ఆ ఇంట్లో ఫోన్ ఉంటుంది, ఆటోలో స్పీకరు ఉంటుంది, ఊరికి పోయే జీపులో పాటలు మోగుతుంటాయి. గొంతుకు అక్షరాస్యత అడ్డం రాదు. వినే పుస్తకం పుట్టిందే ఇట్లాంటి అవసరం నుంచి. 1930ల్లో బ్రిటన్, అమెరికాలు రికార్డుల మీద పుస్తకాలు చదివించి చూపులేనివాళ్లకు పంపాయి. ఆ తరవాతే 1975లో డువాల్ హెక్ట్ అనే ఆయన కాలిఫోర్నియాలో రోజూ కారులో ఆఫీసుకు పోయేవాళ్ల కోసం క్యాసెట్ల మీద పుస్తకాలు అద్దెకిచ్చే వ్యాపారం పెట్టాడు. చూపు తక్కువైన పిల్లకు, అక్షరాలు సులువుగా పట్టుబడని పిల్లకు వినే కథ ఇప్పటికీ కథల్లోకి పోయే తిన్నని దారి. చదవడంలో వెనకబడ్డవాళ్లే ముందు బాగుపడే సాధనాన్ని చదువుకు శత్రువని పిలవడం అన్యాయం.

అన్నింటికన్నా మనసుకు దగ్గరైన అభ్యంతరం నాయనమ్మది. నాయనమ్మ గొంతు ఉండగా మిషన్ గొంతెందుకు అంటారు. నాయనమ్మ చెప్పే కథకు ఏదీ సాటి రాదు, నేను దాన్ని ఒక్క మాట తగ్గించను. కానీ ఆమె ఊర్లో ఉంది, పిల్ల పట్నంలో ఉంది, ఆ ఇద్దరి మధ్య 190 కిలోమీటర్ల రోడ్డుంది. నాయనమ్మ పేరు చెప్పి ఆడియోను ఆపేస్తే ఆ దారంతా నాయనమ్మ వచ్చి కూర్చోదు, వెనక సీట్లో తెర వెలుగుతుంది.

అభ్యంతరం చెప్పేవాళ్లు గురి పెట్టవలసిన చోటు వేరే ఉంది, అక్కడ వాళ్లతో నేనూ కలుస్తాను. పిల్లల కోసం తెలుగులో దొరికే ఆడియో చాలా పలచన. వెతికితే పంచతంత్రం, తెనాలి రామకృష్ణుడు, అక్బర్ బీర్బల్ మళ్లీ మళ్లీ వస్తాయి, బొమ్మల వీడియోల్లో అరుపులే ఎక్కువ. దాసుభాషితం వంటి తెలుగు వేదికలు శ్రద్ధగా పనిచేస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ 2015లో తెచ్చిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, వాటిని ఎవరైనా గట్టిగా చదివి రికార్డు చేసుకోవచ్చు. అయినా పాలమూరు పిల్లకు ఇంటి మాటలో కథ దొరకదు. ఇంట్లో ‘యాడికి పోతున్నవ్’ అని విని పెరిగిన పిల్లకు కథలో ప్రతి మనిషీ ‘ఎక్కడికి వెళ్తున్నావు’ అనే అంటాడు. ఈ ప్రాంతపు మాటను సినిమాలు చాలా ఏళ్లు నవ్వించడానికో భయపెట్టడానికో వాడాయి. కథ చెప్పడానికి, ఆలోచించడానికి, ప్రేమించడానికి ఈ మాట పనికొస్తుందని పిల్ల మొదటిసారి తెలుసుకునే చోటు కారులోని స్పీకరైతే ఆ ప్రయాణం వృథా కాలేదు. అచ్చులో యాసను రాస్తే చదవడం కష్టమవుతుంది, కొత్త స్పెల్లింగుల దగ్గర పిల్ల ఆగిపోతుంది. గొంతులో ఆ ఇబ్బంది లేదు. అచ్చు చేయలేని పనిని ఇక్కడ ఆడియో చేస్తుంది.

ఈ జిల్లాలకు ఆ పనికి కావలసిన సరుకు ఉంది. గద్వాల ప్రాంతం బోరవెల్లిలో 1896లో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మన పూర్వులు ఏం తిన్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ నగలు పెట్టుకున్నారో చెప్పే ఆ పుస్తకంలోని ఆటల భాగాలు పదేళ్ల పిల్లలకు వినిపిస్తే చెవులు నిక్కబొడుచుకొని వింటారు. ఆయన 1953లో కన్నుమూశారు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్లకు హక్కు తీరిపోతుంది గనక ఆ రచనను ఇప్పుడు ఎవరైనా రికార్డు చేయవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. వనపర్తి రాజా రామేశ్వరరావు పుస్తక ప్రచురణలో పేరు పొందారు. ఆ ఇంటి శాంతా రామేశ్వరరావు హైదరాబాద్‌లో విద్యారణ్య బడి పెట్టి, పిల్లల కోసం మన పురాణ కథలను ఇంగ్లీషులో తిరగ చెప్పారు. పిల్లల కథ కోసం ఈ నేల ఇంగ్లీషులో పడినంత శ్రమ తెలుగు గొంతుకు కూడా దక్కాలి. నాగర్‌కర్నూల్‌లో ఉండి ఈ ప్రాంతపు గుడులు, ఊళ్ల చరిత్రలు జీవితమంతా సేకరించిన కపిలవాయి లింగమూర్తి పుస్తకాల్లో ప్రతి మలుపుకూ ఒక కథ ఉంది. కారు ఏ ఊరి పక్క నుంచి పోతుందో ఆ ఊరి కథ వినబడితే కిటికీ అవతలి గుట్ట ఉత్త గుట్టలా కనబడదు. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది, జిల్లా గ్రంథాలయ సంస్థలు నడవవలసింది దానితోనే. ఆ డబ్బులో కొంత కథ చెప్పేవాళ్లకు, కిన్నెర వాయించేవాళ్లకు, శారద కథ పాడేవాళ్లకు న్యాయమైన పారితోషికం ఇచ్చి రికార్డు చేయడానికి ఖర్చు పెట్టాలి. బీరువాలో పుస్తకం పక్కన గొంతుకూ చోటుండాలి. ఆ అడుగు పడితే ‘వినడం చదవడం కాదు’ అన్న మాట గ్రంథాలయం గడప దగ్గరే ఆగిపోతుంది.

ఇంటి స్థాయిలో ఆ పనికి పన్ను కూడా అక్కర్లేదు. ఊరి చెరువు కట్ట కనబడగానే కారులో కథ ఆపేయాలి. అక్కడి నుంచి చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. రాత్రి మంచాలు వేసుకున్నాక నాయనమ్మ కథ ఎత్తుకుంటే ఫోన్‌ను ఆమె దగ్గర బోర్లా పెట్టి, రికార్డింగు నొక్కి, మధ్యలో అడ్డం పడకుండా పూర్తిగా చెప్పనివ్వాలి. దగ్గు, కుక్క మొరుగు, పిల్లల ప్రశ్నలు అన్నీ ఉండనివ్వాలి. తిరుగు ప్రయాణంలో ఎర్రవల్లి చౌరస్తా దాటి పెద్దరోడ్డు ఎక్కాక స్పీకరులో పెట్టవలసింది అదే. ఆ ఫైలుకు పేరు రాసేటప్పుడు ఊరి పేరు, చెప్పినామె పేరు, సంవత్సరం మూడూ రాయాలి.